తలుపుకు ఏ పక్క? ఆరు హోటల్ సిరీస్‌ల పోలిక

పాలరాతి నేల, గాజు దీపాల గుత్తి, తళతళలాడే ఇత్తడి గంట. దాని వెనుక, ఎంత రాత్రయినా ఒక్క వెంట్రుక చెదరని రిసెప్షనిస్టు. రోజంతా పనిలో నలిగినవాళ్లకు ఇంతకన్నా హాయైన దృశ్యం తెరమీద దొరకదు. నేరపరిశోధన సిరీస్ చూడాలంటే బుర్ర పెట్టాలి, నాలుగు తరాల కుటుంబ కథ చూడాలంటే ఓపిక పెట్టాలి. హోటల్ కథకు రెండూ అక్కర్లేదు. ఎవరో వస్తారు, ఏదో రభస చేస్తారు, పెట్టె సర్దుకుని వెళ్లిపోతారు. మనమూ టీవీ కట్టేసి పడుకుంటాం.

చిక్కంతా ఎంపికలోనే ఉంది. ఈ సిరీస్‌ల పోస్టర్లన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి: వంపు తిరిగిన మెట్లు, పైన షాండ్లియర్, సూటు వేసుకున్న యువకుడు, ఎదురుగా యూనిఫాంలో అమ్మాయి. కాలక్షేపం కదా అని ఒకటి పెడితే మొదటి సన్నివేశంలోనే విమానంలోకి ఎక్కిస్తున్న శవపేటిక కనబడుతుంది. ఇంకొకటి ముప్పై రెండు ఎపిసోడ్లు చూపించి, చివరిదాన్ని ఉత్కంఠ మధ్యలో వదిలేస్తుంది. మరొకటి మొదటి గంటలో నవ్వించి చివరి గంటలో ఏడిపిస్తుంది. ఇవేవీ చెడ్డ సిరీస్‌లు కావు. తప్పు సాయంత్రం తప్పు సిరీస్ పెట్టుకోవడమే చెడ్డది.

ముందుగా ఆ తలుపు సంగతి

పెద్ద హోటల్లో ప్రతి అంతస్తులోనూ అతిథుల దృష్టి పడని సర్వీసు తలుపు ఒకటి ఉంటుంది. గోడ రంగులోనే కలిసిపోయి, నెట్టే చోట మాత్రం కాస్త మాసి ఉంటుంది. ఇవతల మెత్తటి తివాచీ, పసుపు వెలుగు. అవతల గచ్చు నేల, ట్యూబులైట్లు, దుప్పట్లు నింపిన తోపుడు బండి, గోడకు అంటించిన డ్యూటీ పట్టిక. హోటల్ సిరీస్ ఏదైనా సరే, కెమెరా ఈ తలుపుకు ఏ పక్కన ఎక్కువసేపు నిలబడిందో చూస్తే దాని స్వభావం సగం తెలిసిపోతుంది. ఇవతలే ఉండిపోతే అది డబ్బున్నవాళ్ల కష్టాల కథ. అవతలే ఉండిపోతే ఉద్యోగుల కథ. నాకు మాత్రం రెండు పక్కలా తిరిగేవే ఇష్టం. తలుపు తోసుకుని లాబీలోకి అడుగుపెట్టే ఆ అర సెకనులో పనిమనిషి భుజాలు సరిచేసుకుంటుంది, ముఖానికి చిరునవ్వు తగిలించుకుంటుంది. ఈ తరహా కథలకు అసలు ఆకర్షణ అదే అని నా నమ్మకం.

రెండో సంగతి, ముడి ఎక్కడ విడుతుంది అన్నది. టీవీ రచయితలకు హోటల్ ఒక వరం. అతిథి రెండు రాత్రులుంటాడు, ఉద్యోగి ఏళ్ల తరబడి ఉంటాడు. అందుకే అతిథి కథను ఒక్క ఎపిసోడ్‌లో ముగించి, ఉద్యోగుల ప్రేమలూ పోటీలూ సీజనంతా సాగదీయవచ్చు. ఈ రెండింటి పాళ్లు సిరీస్‌కో రకంగా ఉంటాయి. వారానికి ఒకటి చూసేవాళ్లకు మొదటి పాలు ఎక్కువ ఉండాలి. వరసబెట్టి చూసేవాళ్లకు రెండోది.

ఆ తర్వాత చూడవలసింది నవ్వుకూ చీకటికీ మధ్య నిష్పత్తి. అంతకన్నా ముఖ్యంగా, కథకు ముగింపు ఉందా లేదా అన్నది. మెరుపు గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఈ ఆరింట్లో మెరుపు లేనిది లేదు.

| సిరీస్ | దేశం, సంవత్సరాలు | నిడివి | కెమెరా ఎక్కువగా ఎటు | ముగింపు |
|---|---|---|---|---|
| హోటల్ బాబిలోన్ | బ్రిటన్, 2006–2009 | 4 సీజన్లు, 32 ఎపిసోడ్లు | సిబ్బంది వైపు | ఉత్కంఠలో ఆగిపోయింది |
| హోటల్ | అమెరికా, 1983–1988 | 5 సీజన్లు, 115 ఎపిసోడ్లు | అతిథుల వైపు | ఏ ఎపిసోడ్‌కు ఆ ఎపిసోడే |
| గ్రాన్ హోటల్ | స్పెయిన్, 2011–2013 | 3 సీజన్లు, 39 ఎపిసోడ్లు | రెండు వైపులా | పూర్తిగా ఉంది |
| కింగ్ ద ల్యాండ్ | దక్షిణ కొరియా, 2023 | 16 ఎపిసోడ్లు | సిబ్బంది వైపు, యజమాని ఇంటి వైపు | పూర్తిగా, సుఖంగా |
| హోటల్ డెల్ లూనా | దక్షిణ కొరియా, 2019 | 16 ఎపిసోడ్లు | సిబ్బంది వైపు | పూర్తిగా, కంటతడితో |
| ద వైట్ లోటస్ | అమెరికా, 2021 నుంచి | మొదటి 3 సీజన్లు కలిపి 21 ఎపిసోడ్లు | అతిథుల వైపు | ఏ సీజన్‌కు ఆ సీజనే |

హోటల్ బాబిలోన్: కొలబద్ద ఇదే

ఈ తరహాకు ఒక నమూనా చూపించమంటే నేను దీన్నే చూపిస్తాను. లండన్‌లో ఒక అయిదు నక్షత్రాల హోటల్. వచ్చేవాళ్లలో తారలు, దొంగలు, కొత్త దంపతులు, పాత నేరస్తులు. వాళ్లందరినీ సంబాళించే సిబ్బంది మీదే కథ. బీబీసీ వన్‌లో 2006 జనవరిలో మొదలై 2009 దాకా నడిచింది. ఇమోజెన్ ఎడ్వర్డ్స్-జోన్స్ రాసిన పుస్తకం దీనికి ఆధారం. పేరు బయటపెట్టని ఒక హోటల్ ఉద్యోగి చెప్పిన సంగతులన్నిటినీ ఆమె ఒకే ఒక్క రోజులో, ఇరవై నాలుగు గంటల్లో జరిగినట్టు గుదిగుచ్చారు. ఆ హడావుడి తెరమీదకూ వచ్చింది. ఒక ఎపిసోడ్‌లో మూడు కథలు సమాంతరంగా పరుగెడుతుంటాయి, ఎవరూ ఒక్కచోట నిలబడి మాట్లాడరు, నడుస్తూనే మాట్లాడతారు.

తీసింది కార్నివాల్ సంస్థ. తర్వాత 2010లో డౌన్‌టన్ ఆబీ అనే సిరీస్‌తో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది వీళ్లే. ఇది తెలిసి చూస్తే పోలికలు తోస్తాయి. ఒకచోట దివాణం, మరోచోట హోటల్. రెండింట్లోనూ పైన తినేవాళ్లు, కింద వండేవాళ్లు.

పాత్రలను చూడండి. బార్ వెనుక జీనో అందరి రహస్యాలూ వింటాడు, తనవి చెప్పడు. రిసెప్షన్‌లో ఆనాకు వచ్చే ప్రతి డబ్బున్న అతిథిలోనూ కాబోయే భర్త కనిపిస్తాడు. ఆమె పక్కన నిలబడే బెన్ నాలుకకు పదునెక్కువ. హౌస్‌కీపింగ్ బాధ్యత జాకీది. నాకు బాగా నచ్చినవాడు టోనీ, అంటే కన్సీర్జ్. అతిథి ఏది అడిగినా లేదనకుండా తెచ్చిపెట్టే ఉద్యోగం అది. నిజమైన పెద్ద హోటళ్లలో కొందరు కన్సీర్జ్‌ల కోటు కాలరుకు రెండు పక్కలా, అడ్డంగా పెనవేసుకున్న బంగారు తాళంచెవుల గుర్తు ఉంటుంది. లే క్లే డోర్ అనే అంతర్జాతీయ సంఘంలో సభ్యులన్నమాట. అమ్ముడైపోయిన టిక్కెట్టు తెప్పించడం, అర్ధరాత్రి దర్జీని పట్టుకురావడం వాళ్లకు రోజువారీ పని. టోనీగా వేసిన డెక్స్‌టర్ ఫ్లెచర్ తర్వాత దర్శకుడై 2019లో రాకెట్‌మ్యాన్ సినిమా తీశారు. అసాధ్యమైనవి అమర్చిపెట్టే విద్య అప్పుడే అబ్బిందేమో.

ఇక లోపాలు. మేనేజర్ కుర్చీ ఇక్కడ నిలకడగా ఉండదు. మేనేజర్‌గా మొదటి సీజన్‌ను మోసిన టామ్జిన్ ఔత్‌వైట్ రెండో సీజన్‌లోనే వెళ్లిపోతారు, డిప్యూటీగా ఉన్న చార్లీ ఆ కుర్చీ ఎక్కుతాడు, కొంతకాలానికి అతనూ ఉండడు. నిజమైన హోటళ్లలో ఇది మామూలే, సిరీస్‌లో మాత్రం గుచ్చుకుంటుంది. చివరి సీజన్లకు వచ్చేసరికి, మొదట్లో ఎవరిని చూడటానికి కూర్చున్నామో వాళ్లలో సగం మంది కనిపించరు. పైగా నాలుగో సీజన్ చివర కథను ఉత్కంఠలో నిలిపాక, 2009 ఆగస్టులో బీబీసీ దీన్ని ఇక కొనసాగించబోమని ప్రకటించింది. ఆ ముడి నేటికీ విడలేదు.

అందుకని నా సలహా: మొదటి రెండు సీజన్లు, అంటే పదహారు ఎపిసోడ్లు, తనివితీరా చూడండి. మూడోది అలవాటు కొద్దీ చూడండి. నాలుగోది చూడకపోయినా నష్టం లేదు. పెద్దల జోకులు, పడకగది సన్నివేశాలు ఉంటాయి కాబట్టి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోకండి.

హోటల్ (1983): తాతల కాలపు తళుకు

పేరు ఇంతే. వెతికేటప్పుడు 1983 అని చేర్చకపోతే అసలు హోటళ్ల జాబితా వచ్చి పడుతుంది. ఆర్థర్ హెయిలీ 1965 నాటి నవల దీనికి మూలం. నవలలో హోటల్ న్యూ ఆర్లీన్స్‌లో ఉంటే, నిర్మాత ఆరన్ స్పెల్లింగ్ బృందం దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకు తెచ్చింది. సెయింట్ గ్రెగరీ అనే ఆ కల్పిత హోటల్‌కు బయటి రూపం ఇచ్చింది అక్కడి ఫెయిర్‌మాంట్ హోటల్. వారం వారం కొత్త అతిథులుగా పేరున్న నటులు దిగుతారు, గంటలోపు వాళ్ల కాపురాలు చక్కబడో చెడిపోయో బయటికి నడుస్తారు. స్పెల్లింగ్ అంతకుముందే ద లవ్ బోట్‌లో ఓడ మీద ఈ సూత్రాన్ని పరీక్షించి గెలిచారు. ఇక్కడ ఓడ బదులు మేడ.

కెమెరా తివాచీ దాటి ఎక్కువ దూరం వెళ్లదు. మేనేజర్ పీటర్ మెక్‌డర్మాట్‌గా జేమ్స్ బ్రోలిన్ హుందాగా అతిథుల బాధలు వింటుంటారు. ఆయన బాధలు మనకు పెద్దగా తెలియవు. అందుకే 115 ఎపిసోడ్లని భయపడనక్కర్లేదు, ఎక్కడ తెరిచినా అర్థమవుతుంది.

దీని తెరవెనుక కథ మాత్రం సిరీస్ కన్నా రంజైనది. హోటల్ యజమానురాలిగా మొదట బెట్టీ డేవిస్‌ను తీసుకున్నారు. ప్రారంభ ఎపిసోడ్ తర్వాత ఆమె ఆరోగ్యం దెబ్బతింది. ఆ స్థానాన్ని నింపడానికి వచ్చినవారు ఆన్ బాక్స్‌టర్. 1950లో ఆల్ అబౌట్ ఈవ్ సినిమాలో పెద్ద నటి స్థానాన్ని మెల్లగా ఆక్రమించే అమ్మాయిగా వేసింది ఈ బాక్స్‌టరే, ఆ పెద్ద నటిగా వేసింది డేవిసే. మూడు దశాబ్దాల తర్వాత జీవితం అదే సన్నివేశాన్ని మళ్లీ రాసిపెట్టింది.

ఇప్పటి కళ్లకు ఇది నెమ్మదిగా కనిపిస్తుంది. భుజాలు పెంచిన కోట్లు, పొగమంచు పట్టినట్టున్న కెమెరా వెలుగు. అది ఇష్టమైనవాళ్లకు పండగ, కానివాళ్లు రెండో ఎపిసోడ్‌లో ఆపేస్తారు.

గ్రాన్ హోటల్: దుప్పట్ల బండి కింద కత్తి

ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలు, ఊరికి విద్యుద్దీపాలు కొత్తగా వస్తున్న కాలం. స్పెయిన్‌లో కాంతలోవా అనే కల్పిత పట్టణంలో ఒక మహా హోటల్. అక్కడ గదులు సర్దే చెల్లెలు క్రిస్టీనాను చూడటానికి హూలియో వస్తాడు. ఆమె నెల కిందటే కనిపించకుండా పోయిందని తెలుస్తుంది. నిజం కనుక్కోవడానికి అతను మారు పేరుతో అక్కడే పనివాడిగా చేరతాడు. యజమానురాలి కూతురు అలీసియా అతనికి తోడవుతుంది. ఇద్దరి మధ్యా ఏం మొదలవుతుందో చెప్పనక్కర్లేదు.

సర్వీసు తలుపును ఇంత బాగా వాడుకున్న సిరీస్ నేను ఇంకొకటి చూడలేదు. హూలియో ట్రే పట్టుకుని భోజనశాలలోకి వస్తే అతను ఎవరికీ కనిపించడు. ట్రే ఉన్నంతసేపూ అతను గోడతో సమానం. ట్రే కింద పెట్టి అదే మాట అదే మనిషితో అంటే అది నేరం. ప్రేమించిన అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని ఉంటే, ఆమె గ్లాసులో వైన్ పోస్తూ తల దించుకునే మాట్లాడాలి. ఈ కట్టుబాటు వల్ల మామూలు సన్నివేశానికి కూడా బిగువు వస్తుంది. చిత్రీకరణకు వాడుకున్నది శాంతాందెర్‌లోని మగ్దలేనా రాజప్రాసాదం. స్పెయిన్ రాజకుటుంబానికి అది వేసవి విడిదిగా ఉండేది. సముద్రపు ఒడ్డున కొండ మీద నిలబడిన ఆ కట్టడమే సగం నటన చేస్తుంది.

మరి ఇది తేలిక వినోదమేనా? హత్యలున్నాయి. మొదటి సీజన్‌లో బంగారు కత్తితో చంపే హంతకుడే ఉన్నాడు. అయినా మనసు బరువెక్కదు. ప్రతి ఎపిసోడ్‌లో రెండు రహస్యాలు బయటపడతాయి, మూడు కొత్తవి పుడతాయి. ఇన్‌స్పెక్టర్ అయాలా, అతని వెనకే తిరిగే హెర్నాందో కలిసి నవ్విస్తారు. లేఖలు తప్పు చేతుల్లో పడటం, తలుపుల చాటున నిలబడి వినడం, పోయారనుకున్నవాళ్లు తిరిగి రావడం: అచ్చం పాత కాలపు సీరియల్ నవల వాటం. అది నచ్చినవాళ్లు తెల్లవారేదాకా చూస్తారు, నచ్చనివాళ్లకు పదో ఎపిసోడ్ దగ్గర విసుగొస్తుంది.

ఇక్కడొక జాగ్రత్త. ఈ కథను చాలా దేశాలు తమ తమ భాషల్లోకి తెచ్చుకున్నాయి. మెక్సికోలో వచ్చింది, ఇటలీలో వచ్చింది. ఈజిప్టు 2016లో ఆస్వాన్‌ను నేపథ్యంగా చేసుకుని ముప్పై ఎపిసోడ్లు తీసింది, ఆ రూపం అందంగా ఉంటుంది, సీక్రెట్ ఆఫ్ ద నైల్ అనే పేరుతో దొరుకుతుంది. అమెరికాలో ఏబీసీ 2019లో మయామీకి మార్చి తీసినది మాత్రం పదమూడు ఎపిసోడ్లకే, ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. గ్రాండ్ హోటల్ అనే పేరు చూసి తొందరపడి దీన్ని మొదలుపెట్టకండి. స్పానిష్‌దే కావాలనుకుంటే సంవత్సరం చూసుకోండి. అసలు 39 ఎపిసోడ్లను కొన్నిచోట్ల చిన్న ముక్కలుగా కోసి ఎక్కువ సంఖ్యలో చూపిస్తారు, అది చూసి కంగారుపడవద్దు.

కింగ్ ద ల్యాండ్: చిరునవ్వు కూడా డ్యూటీయే

కొరియా హోటల్ ప్రేమకథల్లో ఇప్పటికి అందరి నోటా ఉన్నది ఇదే. కొరియా చానల్ జేటీబీసీలో 2023 జూన్ నుంచి ఆగస్టు దాకా, నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఇతర దేశాల్లోనూ వచ్చింది. గూ వోన్ హోటల్ సామ్రాజ్యానికి వారసుడు. అతనికి నకిలీ నవ్వు అంటే ఒళ్లు మంట. చొన్ సా-రాంగ్ అదే హోటల్ ఉద్యోగి. నవ్వడమే ఆమె ఉద్యోగం. రెండేళ్ల డిగ్రీతో, నెల రోజుల శిక్షణ ఉద్యోగిగా అడుగుపెట్టి పైకొచ్చిన మనిషి. హీరో లీ జున్-హో, హీరోయిన్ ఇమ్ యూన్-ఆ ఇద్దరూ సంగీత బృందాల నుంచి వచ్చినవాళ్లే, వాళ్ల మధ్య మాటల్లేకుండానే లయ కుదిరింది.

కథలో మీరు ఊహించలేని మలుపు ఒక్కటి కూడా లేదు. ఇది నిందగా చెప్పడం లేదు. ఈ సిరీస్ చూడటం ఇస్త్రీ చేసిన దుప్పటి మీద పడుకోవడంలాంటిది. ముడతలు వెతుక్కోవడానికి ఎవరూ పడుకోరు. అయితే ఆ మెత్తదనం కింద ఒక గట్టి సంగతి ఉంది. సా-రాంగ్ ముఖాన్ని గమనించండి. అతిథి అరుస్తున్నప్పుడు పెదవులు నవ్వుతూనే ఉంటాయి, కళ్లు మాత్రం ఆగిపోతాయి. అతిథి వెనుదిరిగాక కూడా ఆ నవ్వు వెంటనే పోదు, కాసేపు అలాగే అతుక్కుని ఉంటుంది. కౌంటర్ వెనుక నిలబడి ఎప్పుడైనా ఉద్యోగం చేసినవాళ్లకు ఇది వివరించనవసరం లేదు. ఆమె స్నేహితురాళ్లలో ఒకరు డ్యూటీఫ్రీ దుకాణంలో, ఇంకొకరు విమానంలో పనిచేస్తారు. ముగ్గురిదీ నవ్వు అమ్ముకునే బతుకే. హీరోహీరోయిన్ల ప్రేమ కన్నా ఈ ముగ్గురి స్నేహమే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

లోపం అడిగితే, సగం తర్వాత అడ్డంకులు కరిగిపోతాయి. సవతి అక్కతో ఆస్తి పోరు పేరుకే. ఒక అరబ్ యువరాజు పాత్రను చూపించిన తీరు మీద ప్రేక్షకుల నుంచి తీవ్ర నిరసన వచ్చి, నిర్మాణ బృందం 2023 జులైలో క్షమాపణ చెప్పింది. ఆ ఎపిసోడ్లు వచ్చినప్పుడు అది గుచ్చుకుంటుంది, ముందే తెలిసి ఉండటం మంచిది.

హోటల్ డెల్ లూనా: అతిథులందరూ పోయినవాళ్లే

సియోల్ నగరం నడిబొడ్డున ఒక హోటల్. మామూలు మనుషులకు దాని అసలు రూపం కనిపించదు. దిగేవాళ్లంతా దయ్యాలు, పరలోకానికి బయలుదేరే ముందు తీరని కోరికలు తీర్చుకోవడానికి ఆగినవాళ్లు. యజమానురాలు జాంగ్ మాన్-వోల్ పదమూడు వందల ఏళ్లుగా అక్కడ బందీ. తండ్రి ఎప్పుడో చేసుకున్న బేరం వల్ల, పెద్ద చదువులు చదివిన గూ చాన్-సంగ్ అక్కడ మేనేజర్‌గా చేరాల్సి వస్తుంది.

ఇందులో మెరుపుకు కొదవే లేదు. మాన్-వోల్‌గా వేసిన గాయని, నటి ఐయూ ధరించే దుస్తుల మీదే ప్రత్యేకంగా చర్చలు నడిచాయి. ఖరీదైన కార్లు, షాంపేన్ అంటే ఆమెకు ప్రాణం, హోటల్ ఖాతాలో మాత్రం ఎప్పుడూ కటకటే. సిబ్బందిలో బార్ చూసేవాడు జోసన్ అనే పాత కొరియా రాజ్యకాలం నాటి పండితుడు, రిసెప్షన్‌లో ఉండే కుర్రాడు కొరియా యుద్ధ కాలంలో పోయినవాడు. హాస్యం పండేది వీళ్ల దగ్గరే.

అతిథి గది ఖాళీ చేసి వెళ్లిపోవడం అనే మామూలు సంగతికి ఇక్కడ అర్థమే మారిపోయింది. ఈ హోటల్ నుంచి వెళ్లినవాళ్లు మళ్లీ రారు. ప్రతి ఎపిసోడ్‌లోనూ ఎవరో ఒకరికి వీడ్కోలు చెప్పాలి. పదహారో ఎపిసోడ్ దాకా ఆ వీడ్కోళ్లు ఒక్కొక్కటిగా బరువు పెంచుకుంటూ పోతాయి. అందుకే దీన్ని తేలిక వినోదం అరలో పెట్టేవాళ్లతో నాకు పేచీ. మొదటి నాలుగు ఎపిసోడ్లకు ఆ మాట చెల్లుతుంది. భయపెట్టే దయ్యాలు కూడా కొన్ని ఉన్నాయి, రాత్రి ఒంటరిగా చూసే పిరికివాళ్లు గమనించగలరు. నేనూ ఆ జాబితాలో ఉన్నాను.

ద వైట్ లోటస్: పోస్టర్ చూసి మోసపోకండి

దీన్ని ఇక్కడ చేర్చింది సిఫారసు కోసం కన్నా హెచ్చరిక కోసం. హవాయి, సిసిలీ, థాయిలాండ్ సముద్రతీరాల్లో విలాసవంతమైన విడిదులు, మనసు దోచే నీలం నీళ్లు. చూపించేది మాత్రం డబ్బు మనుషులను ఏం చేస్తుందో. మైక్ వైట్ రాసి తీసిన ఈ వ్యంగ్యం పదునైనది, నవ్వు వస్తుంది, ఆ నవ్వు గొంతులోనే ఇరుక్కుంటుంది. ప్రతి సీజన్ ఒక మరణంతో తెరుచుకుంటుంది. మొదటి సీజన్ మేనేజర్ ఆర్మండ్ పాత్రను చూస్తే, అతిథుల ముందు నవ్వి నవ్వి ఒక మనిషి ఎక్కడ తెగిపోతాడో కనిపిస్తుంది. సా-రాంగ్ నవ్వుకు చీకటి పక్క అది. గొప్ప సిరీస్. అలసిపోయిన సాయంత్రానికి మాత్రం వద్దు.

మీ సంగతి ఏమిటి?

రాత్రి భోజనం తర్వాత గంట మాత్రమే దొరికి, నిన్న ఏం జరిగిందో గుర్తుపెట్టుకునే ఓపిక లేనివాళ్లకు బాబిలోన్, లేదా 1983 నాటి హోటల్. రెండింటి మధ్య తేల్చుకోలేకపోతే వేగాన్ని చూడండి. మాటలు టపటపా పడాలంటే బాబిలోన్. పెద్దవాళ్లతో కలిసి, మధ్యలో కబుర్లు చెప్పుకుంటూ చూడాలంటే పాతదే నయం.

సెలవులు వచ్చి, కదలకుండా కూర్చునే అవకాశం ఉన్నవాళ్లకు గ్రాన్ హోటల్‌ను మించింది లేదు. కాకపోతే అది స్పానిష్, అడుగున వచ్చే అక్షరాలు చదువుతూ ఉండాలి. కూరగాయలు తరుగుతూ చూసే కార్యక్రమం కాదు, ఒక చూపు తప్పితే ఒక లేఖ తప్పిపోతుంది. కొరియావాటికీ అక్షరాలు చదవక తప్పదు గానీ, కింగ్ ద ల్యాండ్‌లో రెండు నిమిషాలు చూడకపోయినా కథ మీ కోసం ఆగే ఉంటుంది.

ముగింపు లేకపోతే నిద్రపట్టనివాళ్లు బాబిలోన్ నాలుగో సీజన్‌నూ, అమెరికా గ్రాండ్ హోటల్‌నూ దూరం పెట్టండి. అదే కారణంతో ద హాల్సియన్‌నూ. 1940లో బాంబులు పడుతున్న లండన్‌లోని హోటల్ కథ అది. బ్రిటన్ చానల్ ఐటీవీ 2017లో ఎనిమిది ఎపిసోడ్లు వేసి ఆపేసింది. దుస్తులు, సంగీతం అద్భుతం. అలవాటయ్యేలోపే అయిపోతుంది.

హోటల్లోనో, విమానంలోనో, దుకాణంలోనో నిజంగా పనిచేసేవాళ్ల పరిస్థితి వేరు. కొందరికి డ్యూటీ దిగాక మళ్లీ అదే చూడాలంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొందరు తప్పులు పట్టడానికే చూస్తారు: అంత పెద్ద లాబీలో ఇద్దరే రిసెప్షనిస్టులా, ఆ చెప్పులతో పన్నెండు గంటలు ఎలా నిలబడతారు అని. రెండో రకం వాళ్లకు బాబిలోన్ మంచి వేట. మొదటి రకం వాళ్లు డెల్ లూనా చూడవచ్చు, దయ్యాలు డ్యూటీని గుర్తుచేయవు.

పిల్లలుంటే ఈ ఆరింట్లో కింగ్ ద ల్యాండ్ ఒక్కటే కాస్త నిశ్చింత. అసలు పిల్లల కోసమే కావాలంటే డిస్నీ చానల్‌లో 2005 నుంచి 2008 దాకా వచ్చిన ద సూట్ లైఫ్ ఆఫ్ జాక్ అండ్ కోడీ ఉంది. బోస్టన్‌లో టిప్టన్ హోటల్, అక్కడ పాటలు పాడే తల్లి, ఉద్యోగంలో భాగంగా దొరికిన 23వ అంతస్తు సూట్‌లో ఉండే కవల పిల్లలు. మేనేజర్ మోజ్‌బీ పడే పాట్లు పెద్దవాళ్లను కూడా నవ్విస్తాయి. పెద్ద వయసులో చూస్తే మనసు పిల్లల వైపు కాకుండా ఆయన వైపే మొగ్గుతుంది.

ఇక మెరుపంటేనే మొహం మొత్తినవాళ్లకు బ్రిటన్ హాస్య సిరీస్ ఫాల్టీ టవర్స్. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండు ఎపిసోడ్లు. అది విలాసవంతమైన హోటలూ కాదు, ఆ యజమానికి అతిథులంటే గిట్టదు కూడా.

రేపు సాయంత్రం నన్నే ఒకటి పెట్టమంటే బాబిలోన్ మొదటి సీజన్‌తో మొదలుపెడతాను. మొదటి ఎపిసోడ్ నచ్చకపోయినా రెండోది చూశాకే ఆపండి. మొదటిదాంట్లో అందరినీ పరిచయం చేయడంతోనే సరిపోతుంది. రెండోదానికి జీనో బార్ ఎటు ఉందో, టోనీ ఏ మూల నిలబడతాడో మనకే తెలిసిపోతుంది.